ప్లగ్గు పెట్టే ముందు: పాత వాక్యూమ్ క్లీనర్లను గుర్తుపట్టడం, కాపాడుకోవడం

(హైదరాబాద్‌లో పాత గృహోపకరణాలు సేకరించేవారి కోసం ఇచ్చిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మొదట ఒక మనవి. బల్ల మీద నాలుగు యంత్రాలున్నాయి. ముట్టుకోండి, ఎత్తి చూడండి, తిరగేసి చూడండి. కానీ దేన్నీ ప్లగ్గులో మాత్రం పెట్టకండి. పాత వాక్యూమ్ క్లీనర్ చేతికి రాగానే అందరికీ పుట్టే కోరిక ఒకటే, "నడుస్తుందేమో చూద్దాం" అని. ఆ చూడ్డంలోనే చాలా యంత్రాలు పోతున్నాయి. ముప్పై నలభై ఏళ్లు అటక మీద పడి ఉన్న మోటారు అది. ఏ దేశంలో తయారైందో, ఎన్ని వోల్టులకు తయారైందో తెలియకుండా 230 వోల్టులు తగిలిస్తే, పది సెకన్లలో కాలిపోతుంది. ఆ తర్వాత మిగిలేది డబ్బా. కాబట్టి ఈ పూట వరస ఇదీ: ముందు గుర్తుపట్టడం, తర్వాత లోపల పరీక్షించడం, చిట్టచివర కరెంటు.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన యంత్రం గుర్రపు బండి మీద వచ్చేది. బండి వీధిలో ఆగేది, పొడుగాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి వెళ్లేవి. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలు దాంతోనే శుభ్రం చేశారు. ఇంట్లో మనిషి చేత్తో తోసుకునే రకం అమెరికాలో వచ్చింది. ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో జేమ్స్ మరే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు, ఉబ్బసం ఉండేది. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి యంత్రం కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని తోలు సామాన్ల వ్యాపారి విలియం హూవర్ కొన్నాడు. ఆ పేరు మీకు తెలిసిందే. 1921లో ఎలక్ట్రోలక్స్ మోడల్ 5 వచ్చింది. పొడుగాటి గొట్టంలాంటి ఒళ్లు, అడుగున జారుడు పట్టీలు. 1926లో హూవర్ 700 మోడల్ తివాచీని కొట్టి దుమ్ము లేపే కడ్డీతో వచ్చింది. 1954లో హూవర్‌దే గుండ్రటి కాన్‌స్టెలేషన్. దాని తర్వాతి రకాలు తాము వదిలే గాలి మీదే నేలకు కొద్దిగా ఎత్తున తేలతాయి. నున్నటి గచ్చు మీద బాగా తేలుతుంది, తివాచీ అంచు కుచ్చుల మీద మాత్రం ఆగిపోతుంది.

ఇవన్నీ మన ఊరికి ఎలా చేరాయి? నాలుగు దారులు చెప్పుకోవచ్చు. మొదటిది సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్ బంగళాల దారి. వీటిలో ఎక్కువ బ్రిటిష్ యంత్రాలు. రెండోది గల్ఫ్. 1970ల నుంచి దుబాయ్, కువైట్, సౌదీ వెళ్లొచ్చినవాళ్ల సామాన్లలో జపాన్ కంపెనీల క్లీనర్లు వచ్చాయి. మూడోది అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు అమ్మానాన్నలకు తెచ్చిపెట్టినవి. నాలుగోది మనదే. 1982లో ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతో మొదలైన యురేకా ఫోర్బ్స్ తన యూరోక్లీన్‌ను ఇంటింటికీ తిరిగి అమ్మింది. మీలో చాలామంది ఇళ్లలో చూసి ఉంటారు. టై కట్టుకున్న కుర్రాడు వచ్చి, మీ పరుపు మీదే యంత్రం నడిపి, తెల్లటి గుడ్డ మీద దుమ్ము చూపించేవాడు.

ఈ దారి తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే దారిని బట్టే వోల్టేజీ. బ్రిటిష్‌వి 200 నుంచి 250 మధ్య ఉంటాయి. అమెరికావి 110 నుంచి 120. జపాన్ సొంత మార్కెట్‌వి 100. ఎగుమతివి 220, 240. సౌదీ విషయంలో మరీ జాగ్రత్త, అక్కడ చాలా ఇళ్లలో 127 వోల్టులు ఉండేవి. అంటే నేషనల్ అనే జపాన్ కంపెనీ గుర్తు ఒకటే, ఒకే రంగు, ఒకే మోడల్‌లా కనిపించే రెండు యంత్రాల్లో ఒకటి మన ఇంట్లో సుఖంగా నడుస్తుంది, రెండోది బుగ్గి అవుతుంది. ఎలక్ట్రోలక్స్‌కీ ఇదే చిక్కు. అమెరికాలో ఆ పేరుతో అమ్మినవి స్వీడన్, ఇంగ్లండ్ యంత్రాలతో కలవవు. వోల్టేజీ వేరు, గొట్టం మూతి వేరు, సంచి వేరు.

ఇప్పుడు నేమ్ ప్లేటుకు వద్దాం. నిటారు రకాల్లో, అంటే నిలబడి కర్ర పట్టుకుని తోసేవాటిలో, అది అడుగున గానీ మోటారు మూత వెనకాల గానీ ఉంటుంది. పడుకునే రకాల్లో, అంటే ఒళ్లు నేల మీద ఉండి గొట్టంతో పీల్చేవాటిలో, పొట్ట కింద లేదా గాలి బయటికి పోయే వైపు. దుమ్ము పట్టి కనపడకపోతే తడిగుడ్డతో అద్దండి. బ్రాసో పెట్టి రుద్దకండి. చాలా ప్లేట్లలో అక్షరాలు లోహంలో కొద్దిగా గుంట చేసి సిరా నింపినవి. బ్రాసో ఆ సిరాను మొదటి రుద్దులోనే లాగేస్తుంది. అరిగిపోయిన ప్లేటుకు సెల్‌ఫోను టార్చి పక్కనుంచి, దాదాపు ప్లేటుకు ఆనించినట్టు పెట్టి ఫొటో తీయండి. గుంటలు నీడలు వేస్తాయి, అంకెలు పైకి తేలతాయి. అదీ కుదరకపోతే పలచటి కాగితం పరిచి మెత్తటి పెన్సిలుతో మెల్లగా రుద్దండి.

ప్లేటు మీద నాలుగు సంగతులు వెతకాలి. మొదటిది ఊరు పేరు. హూవర్ ప్లేటు మీద పెరివేల్ అని ఉంటే ఇంగ్లండులో తయారైంది, 1930లదో ఆ తర్వాతదో. నార్త్ కాంటన్, ఒహాయో అని ఉంటే అమెరికాది. ఎలక్ట్రోలక్స్ మీద లూటన్ అంటే బ్రిటిష్, ఓల్డ్ గ్రీనిచ్ అంటే అమెరికన్. గాబ్లిన్ అనే పేరు కనిపిస్తే వదలకండి, అది పైన చెప్పిన బూత్ కంపెనీ వారసత్వమే. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1949కీ 1990కీ మధ్య.

రెండోది కరెంటు గురించి రాసిన పద్ధతి. "ఏసీ/డీసీ" అని రెండూ రాసి ఉంటే పాత కాలం, ఇళ్లలో డీసీ సరఫరా ఇంకా ఉన్న రోజులు. ఫ్రీక్వెన్సీ పక్కన "సైకిల్స్" అని ఉందా, "హెర్ట్జ్" అని ఉందా చూడండి. హెర్ట్జ్ అనడం 1960 తర్వాత మెల్లగా స్థిరపడింది. చదరంలో చదరం గుర్తు ఉంటే డబుల్ ఇన్సులేషన్, అంటే కరెంటు ఒంటికి తగలకుండా రెండు పొరల రక్షణ, ఎర్తు తీగ ఉండదు. బాగా పాత యంత్రాల మీద ఆ గుర్తు కనిపించదు. కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ ఉంటే 2005 తర్వాతి యూరప్ సరుకు. దాన్ని పాతది అని అమ్మితే నవ్వి ఊరుకోండి.

మూడోది వాట్లు. 1930ల పడుకునే రకాలు రెండు మూడు వందల వాట్లలోనే పని చేసుకునేవి. 60లకు నాలుగైదు వందలు, 80లకు ఏడెనిమిది వందల నుంచి వెయ్యి, 90లలో ఇంకా పైకి. ఇది కొలబద్ద మాత్రమే, దీన్నిబట్టి సంవత్సరం తేల్చేయకూడదు. పైగా వాట్లు ఎక్కువైతే పీల్చే శక్తి ఎక్కువని అనుకోకండి. కంపెనీలు ఆ భ్రమ మీదే చాలా ఏళ్లు అమ్ముకున్నాయి.

నాలుగోది పేటెంటు నంబర్లు. అమెరికా యంత్రాల మీద వరసగా ఇస్తారు. వాటిలో అన్నిటికన్నా పెద్ద నంబరు తీసుకోండి. 1930 మొదట్లో ఆ లెక్క 17,42,181. 1940లో 21,85,170. 1950లో 24,92,944. 1960లో 29,19,443. ప్లేటు మీద పెద్ద నంబరు 22 లక్షలు దాటిందంటే ఆ యంత్రం 1940కి ముందుది కానే కాదు. ఎప్పటిదో ఖచ్చితంగా చెప్పదు గానీ, ఎప్పటికి ముందుది కాదో గట్టిగా చెప్తుంది.

జపాన్‌వాటికి మోడల్ నంబరు ముందు అక్షరాలు చూడండి. నేషనల్, పానసోనిక్‌లకు "ఎంసీ", హిటాచీకి "సీవీ", తోషిబాకు "వీసీ", శాన్యోకు "ఎస్‌సీ". స్టిక్కరు సగం చిరిగినా ఈ రెండక్షరాలు మిగిలితే కంపెనీ తేలుతుంది. నేషనల్ పేరును ఆ కంపెనీ 2008లో పక్కన పెట్టేసింది.

మన దేశంలో అమ్మినవాటికి ఇంకో సౌకర్యం ఉంది. బిల్లు, వారంటీ కార్డు, డీలరు స్టిక్కరు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. బొంబాయి అని ఉంటే 1995కు ముందు కావచ్చు, మద్రాసు అయితే 1996కు ముందు. హైదరాబాద్ డీలరు నంబరుకు ముందు 040 బదులు 0842 ఉంటే అది మన ఊరి పాత ఎస్టీడీ కోడ్. ఫోన్ నంబరు ఆరంకెలదా, ఎనిమిదంకెలదా చూడండి, అంకెలు తక్కువైతే పాతది. బిల్లు మీద ఏపీజీఎస్టీ, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను, నంబరు ఉంటే 2005 ఏప్రిల్‌కు ముందు, వ్యాట్ టిన్ ఉంటే ఆ తర్వాత, ఇప్పటి జీఎస్టీ అయితే 2017 జులై తర్వాత. ఇంత సమాచారం మోసే కాగితాన్ని మనవాళ్లు అట్టపెట్టెతో సహా మొదటి దీపావళి సర్దుడులోనే పారేస్తారు. యంత్రం కొనేటప్పుడు ఆ కాగితం కోసం ఒకటికి రెండుసార్లు అడగండి.

ప్లేటు పూర్తిగా పోయిందనుకోండి. అప్పుడు ఒళ్లు చూడాలి. స్క్రూలు చూడండి. ప్లస్ ఆకారం గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూకు పేటెంటు వచ్చింది 1936లో. 1920ల యంత్రం అని చెప్పి ప్లస్ స్క్రూలు కనిపిస్తే మధ్యలో ఎవరో విప్పి మార్చారన్నమాట. గాడి అంచులు నలిగి ఉన్నా అంతే. హ్యాండిలు, స్విచ్చు మూత నల్లగా, గట్టిగా, బరువుగా ఉంటే బేకలైటు కావచ్చు. బొటనవేలితో గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి, ఘాటైన మందు వాసన వస్తుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ ఒళ్లు 1960ల నుంచి మామూలైంది. ఎండ తగిలిన వైపు పసుపెక్కి, స్టిక్కరు కింద అసలు రంగు మిగిలి ఉంటుంది. కాబట్టి రంగు రాసుకునేటప్పుడు స్టిక్కరు అంచు కిందో, హ్యాండిలు లోపలో చూసి రాయండి.

తీగ సంగతి. బట్ట చుట్టిన రబ్బరు తీగ అయితే పాతది. లోపలి తీగల రంగులు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఉంటే బ్రిటిష్ పాత పద్ధతి. గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు చారలు ఉంటే 1970 నుంచి వచ్చిన పద్ధతి. ప్లగ్గును మాత్రం నమ్మకండి. ఇంగ్లండులో గుండ్రటి పిన్నుల ప్లగ్గు కనిపిస్తే పాతదని అర్థం. మన దగ్గర ఈరోజు కొన్నదీ గుండ్రటి పిన్నే. పైగా ఇక్కడికి వచ్చిన ప్రతి యంత్రానికీ ఎలక్ట్రీషియన్ మొదట చేసిన పని అసలు ప్లగ్గు కోసి పడేయడం. అప్పుడప్పుడు బల్బు హోల్డరులో పెట్టే రకం ప్లగ్గు కనిపిస్తుంది. చాలా పాత గుర్తు, భద్రంగా తీసి దాచండి, వాడొద్దు. దానికి ఎర్తు లేదు, యంత్రం ఒళ్లేమో అల్యూమినియం.

ఇక లోపలికి. విప్పే ముందు ఒక విషయం అర్థం కావాలి, గాలి ఏ దారిన పోతుంది? హూవర్, కిర్బీ లాంటి నిటారు రకాల్లో దుమ్ము గాలి ముందు ఫ్యాను రెక్కలకు తగిలి, ఆ తర్వాత సంచిలోకి పోతుంది. నాణెం, మేకు, కంకర రాయి ఏది పీల్చినా రెక్కకు తగులుతుంది. రెక్క అంచు విరిగితే బరువు ఒక వైపుకు ఒరుగుతుంది. ఒళ్లంతా వణుకుతుంది, ఆ వణుకుకు బేరింగులు పోతాయి. కాబట్టి ఈ రకంలో మొదట చూడాల్సింది రెక్కలు. పడుకునే రకాల్లో గాలి ముందు సంచిలో వడకట్టుకుని, తర్వాత మోటారులోంచే బయటికి పోతుంది. మోటారును చల్లబరిచేది ఆ గాలే. ఇక్కడ రెక్కలకు ప్రమాదం తక్కువ, కానీ సంచికి చిన్న చిల్లు పడితే చాలు, ధూళి నేరుగా బేరింగుల్లోకీ, కమ్యుటేటర్ (షాఫ్టు చుట్టూ ఉండే రాగి పట్టీలు) మీదికీ పోతుంది. మన ఊళ్లో ఈ రకం చచ్చేది ఎక్కువగా ఎలాగంటే, ఇంట్లో ఇంటీరియర్ పని అయ్యాక సిమెంటు పొడి, గ్రానైటు పొడి పీల్చడానికి పాత క్లీనరు తీస్తారు. ఆ పొడి బట్ట సంచిలోంచి పిండి జల్లెడలో దిగినట్టు దిగిపోతుంది.

దీంతోనే ముడిపడ్డ ఇంకో అపోహ. గొట్టం మూస్తే మోటారు శబ్దం కీచుగా పెరుగుతుంది. "పాపం, కష్టపడుతోంది" అనుకుంటాం. నిజానికి గాలి కదలడం లేదు కాబట్టి ఫ్యానుకు పని తగ్గి మోటారు వేగం పెరిగింది, కరెంటు కూడా తక్కువే లాగుతుంది. ప్రమాదం వేడిలో ఉంది. చల్లబరిచే గాలి ఆగిపోయింది కదా. గొట్టం మూసి పరీక్షించాలంటే రెండు మూడు సెకన్లకు మించొద్దు.

పరీక్షల వరస చెప్తాను, ఇది రాసుకోండి. కరెంటు లేకుండా ముందు ఫ్యానును వేలితో తిప్పండి. తిరగకపోతే బలవంతం వద్దు. గరగరమంటే బేరింగు. వాసన చూడండి, కాలిన వార్నిషు వాసన ఉంటే వైండింగు, అంటే మోటారులోని రాగి తీగ చుట్లు, పోయిందనుకోవచ్చు. తర్వాత మల్టీమీటరు ప్లగ్గు రెండు పిన్నుల మధ్య పెట్టి, స్విచ్చు ఆన్ చేసి చూడండి. కొన్ని ఓములు, మహా అయితే కొన్ని పదుల ఓములు రావాలి. అసలేమీ రాకపోతే తీగ తెగింది, స్విచ్చు పోయింది, లేదా కార్బన్ బ్రష్ (కమ్యుటేటర్‌కు ఒరుసుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్క) కమ్యుటేటర్‌ను తాకడం లేదు. ఎక్కువసార్లు మూడోదే. తర్వాత మెగ్గర్, అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు. రెండు పిన్నులు కలిపి ఒక వైపు, లోహపు ఒళ్లు ఇంకో వైపు, 500 వోల్టుల దగ్గర. ఒక మెగా ఓము కన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వొద్దు. జులై, ఆగస్టుల్లో తక్కువ రావడం మామూలే, వైండింగు తేమ పీల్చి ఉంటుంది. అట్టపెట్టెలో 60 వాట్ల పాతరకం బల్బుతో ఒక పూట వెచ్చగా ఉంచి మళ్లీ కొలవండి. చాలావాటికి అంకె పైకి లేస్తుంది. 80ల తర్వాతి యంత్రాల్లో స్పీడు తగ్గించే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. మెగ్గర్ పెట్టే ముందు దాన్ని విడదీయాలి, లేకపోతే మీరే దాన్ని చంపుతారు.

రేడియోలో గరగర రాకుండా పెట్టే కెపాసిటరును కూడా ఇప్పుడే చూడండి. గోధుమరంగు గాజులా కనిపించే రెసిన్ పోత మీద సన్నటి పగుళ్లు ఉంటే తీసేయండి. తేమ లోపలికి పోయి ఉంటుంది. ఆన్ చేసిన కాసేపటికి పేలి గది నిండా కంపు పొగ నింపుతుంది. దాని చోట ఎక్స్2 రకానిది, అదే విలువది వేయాలి. తీగ నుంచి ఒంటికి కలిపేది అయితే వై2 రకమే. మామూలు ఫ్యాను కండెన్సరు పెట్టకూడదు.

ఇవన్నీ దాటాక కరెంటు. మన మెకానిక్కులు వాడే సీరీస్ బోర్డు, అంటే కరెంటు బల్బులోంచి పోయాకే యంత్రానికి చేరే బోర్డు, మంచిదే, 100 వాట్ల పాతరకం బల్బుతో. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఒక మాట గుర్తుంచుకోండి. చిన్న మోటారు సీరీస్‌లో మెల్లగా తిరుగుతుంది. వెయ్యి వాట్ల మోటారు కదలకుండా బల్బు మాత్రం బాగా వెలగొచ్చు. అది షార్ట్ అని తీర్పు ఇచ్చి రీవైండింగుకు పంపేయకండి. ఆగి ఉన్నప్పుడు దాని నిరోధం బల్బుతో పోలిస్తే మరీ తక్కువ కాబట్టి అలా కనిపిస్తుంది. వేరియాక్ (వోల్టేజీని కావలసినంత పెంచుకుంటూ పోయే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటే అదే మేలు. 50, 60 వోల్టుల దగ్గర ఐదు నిమిషాలు, తర్వాత 110, తర్వాత 160, చివరికి 230. బ్రష్షుల దగ్గర చిన్న నీలి నిప్పురవ్వలు మామూలు. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా తిరిగితే వెంటనే ఆపండి. ఆర్మేచర్‌లో, అంటే మోటారులో తిరిగే భాగంలో, కాయిల్ తెగి ఉంటుంది, లేదా బ్రష్షులు కూర్చోలేదు.

కార్బన్ బ్రష్షులు కోఠి, ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి. అదే కంపెనీది దొరకదు కాబట్టి మందం, వెడల్పు, పొడవు వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పనిముట్టు) కొలుచుకుని, కొంచెం పెద్దది తెచ్చి చదునుగా పరిచిన గాజు కాగితం (గాజు పొడి అంటించిన గరుకు కాగితం) మీద రుద్ది సరిచేయాలి. హోల్డరులో తనంతట జారాలి, గలగలలాడకూడదు. మరీ గట్టి రకం వేస్తే కమ్యుటేటర్ మీద గాడులు పడతాయి. కమ్యుటేటర్‌ను శుభ్రం చేయడానికి సన్న గాజు కాగితమే, ఎమరీ వద్దు. ఎమరీ రేణువులు రాగి పట్టీల మధ్య సందుల్లో ఇరుక్కుని షార్ట్ చేస్తాయి. కొత్త బ్రష్షులు వేశాక తక్కువ వోల్టేజీలో అరగంట నడపండి, మూతి కమ్యుటేటర్ వంపుకు అరుగుతుంది.

బేరింగులకు రాణిగంజ్. ఎక్కువ మోటార్లలో 608 ఉంటుంది. లోపలి రంధ్రం 8, బయటి కొలత 22, మందం 7 మిల్లీమీటర్లు. లోహపు మూత ఉన్న జడ్‌జడ్ రకం అడగండి. రబ్బరు మూత ఉన్నది ఈ వేగానికి రాసుకుని వేడెక్కుతుంది. పాత బ్రిటిష్, అమెరికన్ మోటార్లలో అంగుళాల కొలతలు ఉండొచ్చు, కొలవకుండా బజారుకు వెళ్లొద్దు. బేరింగు బదులు ఇత్తడి బుష్, పక్కన ఫెల్టు ముక్క ఉంటే 20 గ్రేడు యంత్రాల నూనె రెండు మూడు చుక్కలు చాలు. కొబ్బరి నూనె అసలు వద్దు, కొన్నాళ్లకు జిగురై షాఫ్టును పట్టేస్తుంది. ఫ్యాను నట్టు రాకపోతే సుత్తి ఎత్తకుండా, ముందు షాఫ్టు ఏ వైపు తిరుగుతుందో చూడండి. తిరిగేటప్పుడు బిగుసుకునేలా మర కోస్తారు కాబట్టి కొన్నిటికి ఉల్టా చూడీ, అంటే మామూలుకు ఎదురు వైపు తిప్పితే ఊడే మర, ఉంటుంది.

సంచి గురించి ఒక్క మాట. నిటారు రకాల బయటి బట్ట సంచిని ఉతకొద్దు. కంపెనీ పేరు అచ్చు రంగు కారుతుంది, ధూళిని ఆపడానికి బట్టకు వేసిన పూత పోతుంది. ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని, తిరగేసి మెత్తటి బ్రష్‌తో దులపండి. లోపలున్నది ఎవరి ఇంటి ఎన్నేళ్ల దుమ్మో మనకు తెలియదు. బెల్టు ఉంటే, రబ్బరు కరిగి తారులా పుల్లీకి అంటుకుని ఉంటుంది. చెక్క పుల్లతో గీకండి, స్క్రూడ్రైవరుతో గీకితే పుల్లీ గీతలు కొత్త బెల్టును తినేస్తాయి.

బజారులో చూసేటప్పుడు గుర్తుంచుకోవలసింది, ఒళ్లు దొరకడం సులువు, గొట్టం, దాని కొనకు తగిలించే ఊడ్చే బ్రష్షులు దొరకడం కష్టం. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో పడుకునే రకం ఒకటి దొరికిందంటే చుట్టుపక్కల గుట్టల్లోనూ వెతకండి. గొట్టం పక్క బండి మీద ఉంటుంది, ఎందుకంటే తీసుకొచ్చినవాడికి రెండూ ఒకటే సామాను అని తెలియదు. గొట్టం రెండు మూతుల దగ్గర వంచి చూడండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. వెర్నియర్ జేబులో ఉంచుకుని మూతి లోపలి కొలత, బయటి కొలత రెండూ రాసుకోండి. ఆర్మేచర్ ఉందో లేదో చూడకుండా డబ్బులివ్వొద్దు. రాగి కోసం కబాడీ దుకాణంలో మొదట పీకేది తీగనూ, ఆర్మేచర్‌నూ.

నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్తాను. మన సేకరణకారులు హూవర్, ఎలక్ట్రోలక్స్ అంటే పరిగెడతారు, 80ల యూరోక్లీన్‌ను కిలో లెక్కన పోనిస్తారు. హూవర్‌ను ఇంగ్లండులో, అమెరికాలో వందలమంది దాస్తున్నారు. మన ఇళ్లలో తిరిగిన యంత్రాన్ని మనం దాచకపోతే ఇంకెవరూ దాచరు. మొదటి పదేళ్ల యూరోక్లీన్ ఏదైనా, పెట్టెతో, బిల్లుతో, అన్ని బ్రష్షులతో, ఊదడానికి గొట్టం తగిలించే వెనక మూతతో సహా దొరికితే, నడవకపోయినా తీసుకోండి.

(సభలోంచి: "సార్, మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చింది 120 వోల్టులది. మా మెకానిక్ ఒక డయోడ్ వేస్తే సగం అవుతుందంటున్నాడు. వేయించొచ్చా?")

వద్దండీ. డయోడ్ తరంగంలో సగాన్ని ఆపుతుంది నిజమే, కానీ మోటారుకు పడే వోల్టేజీ సగం అవదు. 230ని రెండు వర్గమూలంతో భాగించాలి, అంటే దాదాపు 163 వోల్టులు. 120 దానికి 163 ఇస్తే కొన్నాళ్లు నడిచి, వేడెక్కి పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. యంత్రం వెయ్యి వాట్లదైతే 1500 వీఏది. బజారులో చవగ్గా దొరికేవి ఎక్కువ ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. అవి వోల్టేజీ తగ్గిస్తాయి గానీ మెయిన్స్ నుంచి విడదీయవు. కాబట్టి పాత తీగతో వాడేటప్పుడు షాక్ ప్రమాదం అలాగే ఉంటుంది. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50 అన్నదాని గురించి బెంగ పడకండి, బ్రష్షుల మోటారుకు ఆ తేడా పెద్దగా పట్టదు.

(ఒక మహిళ: "అటక మీద ఎలా పెట్టాలండీ? మా దాంట్లో వైరు బాడీకి అంటుకుపోయింది, పీకితే గాడులు పడ్డాయి.")

అది మన ఎండాకాలం చేసే పని, అమ్మా. పీవీసీ తీగను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం వేడికి బయటికి వచ్చి ప్లాస్టిక్ ఒంటిని కరిగిస్తుంది. పడిన గాడులు పోవు. ఇకమీదట తీగను ఒంటికి చుట్టకండి. విడిగా వెడల్పుగా చుట్ట చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి పక్కన ఉంచండి. గొట్టాన్ని మడవకుండా మూర వెడల్పు చుట్టగా పెట్టండి. పురుగుల కోసం నాఫ్తలీన్ గోళీలు వేయొద్దు, కొన్నిరకాల ప్లాస్టిక్‌ను అవీ తింటాయి. అటక రేకుల కప్పు కింద ఉంటే అసలు అక్కడ పెట్టొద్దు, మంచం కింద పెట్టండి. ఒక గుడ్డ చీటీ మీద పెన్సిలుతో ఎక్కడ దొరికింది, ఏ నెల, ప్లేటు మీద ఏముంది, ఏ భాగం మార్చాం అన్నది రాసి హ్యాండిలుకు కట్టండి. మార్చిన పాత బ్రష్షులూ, బేరింగులూ చిన్న కవర్లో వేసి అదే చీటీతో ఉంచండి. తర్వాత బాగుచేసేవాళ్లకు అసలు కొలత దొరికేది వాటిలోనే.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. నేమ్ ప్లేట్లు మీరే చదవండి. ఏ ఏడాది యంత్రమో కాగితం మీద రాయండి, తర్వాత సరిచూసుకుందాం.